ఊపిరి గొట్టం

పేలిన ట్యాంకు ఇంకా బల్ల మీదే ఉంది. పై రేకు అతుకు వెంట విచ్చుకుని, సగం తెరిచి వదిలేసిన డబ్బా మూతలా వెనక్కి మడతపడింది. నిన్న మధ్యాహ్నం నుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. బల్ల కింద ఎవరో ఇసుక పోసి, తర్వాత ఊడ్చేశారు. ఊడ్చిన చోట నేల మిగతా షెడ్డు కంటే శుభ్రంగా ఉంది. ముక్కు మేస్త్రి చూపు మాటిమాటికీ ఆ శుభ్రమైన చోటికే పోతోంది.

ఆయన్ని ముక్కు మేస్త్రి అనడం ముక్కు పెద్దదని కాదు. అది పాత కార్లని బాగుచేసే షెడ్డు. చిల్లుపడిన పెట్రోలు ట్యాంకు వస్తే ఖాళీ చేసి, సబ్బునీళ్ళతో కడిగి, గంటల తరబడి ఆవిరి పట్టిస్తారు. ఎంత పట్టించినా లోపల కాస్త పెట్రోలు మిగిలి ఉంటే, నిప్పు తగిలిన క్షణాన అది బాంబే. మిగిలిందో లేదో చెప్పేది మేస్త్రి ముక్కు. ట్యాంకు మూతి మీదికి వంగి, కళ్ళు మూసుకుని, ఒక్కసారి పీల్చి, ‘బతికుంది’ అంటే మళ్ళీ ఆవిరి పట్టాలి. ‘చచ్చింది’ అంటే టార్చి వెలిగించుకోవచ్చు. ఆ ఒక్క మాట కోసం వెల్డర్లు పక్కన నిలబడి ఎదురుచూసేవారు.

నిన్న కూడా ఆయన ‘చచ్చింది’ అనే అన్నాడు.

మేస్త్రి రేకు మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది. విచ్చుకున్న అంచు వెంట వేలు పోనిచ్చి, లోపలి పైరేకుని అంటుకుని ఉన్న సన్న గొట్టం దగ్గర ఆపాడు. పాత కార్ల ట్యాంకులకి చిటికెనవేలంత లావున ఇలాంటి గొట్టం ఒకటి ఉంటుంది. పెట్రోలు తగ్గేకొద్దీ దానిగుండా గాలి లోపలికి వస్తుంది. ఎండకి లోపల ఆవిరి లేస్తే దానిగుండానే బయటికి పోతుంది. షెడ్డులో దాన్ని ఊపిరి గొట్టం అంటారు. ట్యాంకుకి ఆవిరి పట్టేటప్పుడు ఆ గొట్టం కొసనుంచి తెల్లగా పొగ రావాలి. అలా వస్తేనే గొట్టంలో నిలిచిన పెట్రోలు కూడా పోయినట్టు.

నిన్న పొగ వచ్చిందా? గుర్తు తెచ్చుకోవడానికి చూశాడు. అసలు అటు చూసిన గుర్తే లేదు. చూడాల్సిన అవసరం ఇన్నేళ్ళలో పడలేదు, ముక్కే చెప్పేది.

గొట్టం బయటి కొస నల్లగా, కాస్త ఉబ్బెత్తుగా ఉంది. చాకు తీసి గీకాడు. మసి కింద రంగు, రంగు కింద లప్పం. లప్పం పెంకులు పెంకులుగా రాలింది. దాని కింద బోల్టు తల. పానా పెట్టి తిప్పితే నాలుగు చుట్లకి ఊడి అరచేతిలో పడింది.

“ఏం దొరికింది మేస్త్రీ?”

సీట్లు కుట్టే అక్క. షెడ్డు చివర ఆగి ఉన్న మీగడరంగు కారు డిక్కీలో నడుందాకా దూరి, అడుగున పరిచే గుడ్డకి అంచు కుడుతోంది. ఈ ట్యాంకు ఆ కారుదే.

“ఏం లేదమ్మా” అని మేస్త్రి గుప్పిట మూశాడు.

ఆవిడ సూది గుడ్డలో గుచ్చి వదిలేసి బయటికి వచ్చింది. “పొద్దున ఆసుపత్రికి వెళ్ళి పొడుగోణ్ణి చూసొచ్చాను. రెండు చేతులకీ మోచేతుల దాకా కట్లు. మొహం ఎడంపక్కంతా కాలింది. కన్నుకేం కాలేదన్నారు.”

“మాట్లాడుతున్నాడా?”

“ఒక్కటే మాట. నీళ్ళు, నీళ్ళు అంటున్నాడు. గ్లాసు పెడితే తాగట్లేదు. మందు మత్తులే అంది నర్సు.” ఆవిడ బల్ల వైపు చూడకుండా మాట్లాడుతోంది. “ట్యాంకులకి స్నానాలు పోసేవాడు, పాపం. ‘ఇంటికెళ్ళి పిల్లలకి పొయ్యి నాయనా, పుణ్యం వస్తుంది’ అని ఎన్నిసార్లు ఏడిపించానో.”

వెల్డరు పొడుగోడి స్నానాల పిచ్చి షెడ్డంతా ఎరిగిందే. చలికాలం నుంచి మొదలుపెట్టాడు. మేస్త్రి చచ్చిందని చెప్పాక కూడా ట్యాంకు నిండా నీళ్ళు పోసి, చిల్లుకి మాటు వేసి అతికే చోట మాత్రం బెత్తెడు ఖాళీ ఉంచి, అప్పుడు టార్చి అందుకునేవాడు. “నా మాట మీద నమ్మకం లేదట్రా?” అని ఒకసారి మేస్త్రి కోప్పడితే, ఆ పొడుగాటి మనిషి తల వంచుకుని నవ్వాడు. “అయ్యో, అదేం లేదు బాబాయ్. నీళ్ళుంటే వేడికి రేకు వంకర పోదు.”

నిన్న కూడా నీళ్ళ గొట్టం అందుకున్నాడు. ఓనరు పక్కనే నిలబడి, “మేస్త్రి చెప్పాడు కదయ్యా, ఇంకా నీళ్ళెందుకు? రేపు బండి ఇవ్వాలి” అన్నాడు. పొడుగోడు గొట్టం చేత్తో పట్టుకుని మేస్త్రి మొహంలోకి చూశాడు. ఏదో అడుగుతున్నట్టున్న చూపు.

“కానీయరా” అన్నాడు మేస్త్రి.

ఆ చూపే రాత్రంతా ఆయన్ని నిద్రపోనివ్వలేదు.

అద్దాల గదిలోంచి ఓనరు వేలు ఆడించి పిలిచాడు. ఆయనా నిద్రపోయినట్టు లేదు. చొక్కా నిన్నటిదే. టీ తెప్పించి, తన చేత్తోనే కప్పు మేస్త్రి ముందుకి జరిపాడు. ఇన్నేళ్ళలో ఎన్నడూ చెయ్యని పని.

“సోమవారం తనిఖీకి వస్తున్నారు. ఎలా జరిగిందని నిన్నడుగుతారు.”

“చెప్తాను సార్.”

“ఏం చెప్తావ్?”

మేస్త్రి టీ వైపు చూశాడు.

“చచ్చిందని నువ్వు అన్నావా?” అన్నాడు ఓనరు నెమ్మదిగా. “నేను ఫోనులో ఉన్నాను, నాకు వినపళ్ళేదు. ఆ సీట్లావిడ డిక్కీలో ఉంది. నువ్వు మాట చెప్పకముందే వాడు తొందరపడి వెలిగించాడు. అంతే జరిగింది. షెడ్డు తప్పని రాశారనుకో, మూసేస్తారు. పదకొండు మందిమి రోడ్డున పడతాం. వాడి తప్పని రాస్తే వాడొక్కడే.”

“వాడి తప్పయితే వాడి వైద్యం ఎవరు చూస్తారు సార్? ఆ చేతులతో ఇంకేం పని చేస్తాడు?”

“నాకు చేతనైనంత చూస్తాను. మనిషినే కదా నేనూ.”

మేస్త్రి గుప్పిట విప్పి బోల్టుని బల్ల మీద పెట్టాడు. అది కాస్త దొర్లి కప్పుని తగిలి ఆగింది. “ఇది ఊపిరి గొట్టంలో ఉంది. పైన లప్పం పెట్టి రంగేశారు.”

ఓనరు దాన్ని చాలాసేపు చూశాడు. ఎక్కడిదని అడగలేదు. “డిక్కీలో పెట్రోలు కంపు కొడుతోందని కారాయన ఒకటే గోల. రబ్బరు గొట్టం కుళ్ళిపోయి ఆవిరంతా డిక్కీలోకే వస్తోంది. మంచి గొట్టం దొరికేదాకా మూయించాను. నాలుగు రోజులకేగా అనుకున్నాను. ట్యాంకు చిల్లుపడి బల్ల మీదికొస్తుందని నాకేం తెలుసు?”

“నాకు చెప్పాల్సింది సార్.”

“చెప్పకపోతే మాత్రం?” ఓనరు ముందుకి వంగాడు. గొంతులో వెటకారం లేదు, బతిమాలుతున్నట్టే ఉంది. “బోల్టు ఉందే అనుకో. లోపల పెట్రోలు మిగిలిందే అనుకో. నీ ముక్కుకి తెలియదా? ఇన్నేళ్ళలో ఒక్క ట్యాంకు తప్పు చెప్పావా నువ్వు? నీ ముక్కు చూసి పెట్రోలు ఆవిరి పసిగట్టే మీటరు కూడా కొనలేదు నేను. అలాంటి ముక్కు బతికున్నదాన్ని చచ్చిందంటుందా? అనదు. అంటే నువ్వు ఆ మాట అనలేదు. నీ మీద నాకున్న నమ్మకం అది మేస్త్రీ.”

మేస్త్రి బోల్టు తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. టీ ముట్టుకోలేదు.

*

శనివారం పొడుగోడి భార్య షెడ్డుకి వచ్చింది, అతని అన్నం డబ్బా, చొక్కా తీసుకుపోవడానికి. డబ్బా బెంచీ కింద ఉంది. గురువారం తిననే లేదు. మూత తీయకుండానే సంచీలో పెట్టుకుంది.

“ఆసుపత్రికి రాలేదే మావయ్యా?”

“వద్దామనే… పని…”

“మిమ్మల్నే తలుచుకుంటున్నాడు.” మేకుకి తగిలించిన చొక్కా తీసి రెండు చేతుల్లో పట్టుకుంది. “చూడండి, ఎంత ఉతికినా పోదు. పెట్రోలు కంపు కొడుతోంది కదూ?”

చొక్కా ఆయన మొహానికి జానెడు దూరంలో ఉంది.

“ఊఁ. కొడుతోంది” అన్నాడు మేస్త్రి.

ఆమె ఒక్క క్షణం ఆయన్నే చూసింది. తర్వాత చొక్కాని నాలుగు మడతలు పెట్టి, డబ్బా మీద పెట్టి, సంచీ మూతి బిగించింది.

“మాట చెప్పకముందే తనే వెలిగించాడని ఓనరుగారు రాసిస్తారటగా. అలా చెప్పకుండా వెలిగించే మనిషి కాడు మావయ్యా. నాకంటే మీకే బాగా తెలుసు.”

జవాబు కోసం నిలబడలేదు. గేటు దాకా నడిచి, అక్కడ ఆగి సంచీ చెయ్యి మార్చుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మేస్త్రి వంటింటి గడప మీద కూర్చుని ఉన్నాడు. భార్య పెరట్లో బట్టలు తీస్తోంది. ఉన్నట్టుండి పరుగెత్తుకొచ్చి, ఆయన్ని దాటి, పొయ్యి ఆర్పేసింది. గిన్నెలో పాలు నల్లటి అట్టయిపోయాయి. ఇల్లంతా సన్నటి పొగ.

“పక్కనే కూచున్నావు కదయ్యా! వీధి చివరికి కొడుతోంది మాడు వాసన!”

“ఏదో ఆలోచనలో ఉన్నాను.”

“ఆలోచన ముక్కులో ఉంటుందా?” అని గిన్నె కుళాయి కింద పెట్టబోయి ఆగింది. వెనక్కి తిరిగి మొగుణ్ణి చూసింది. గిన్నె వదిలేసి, అరలోంచి రెండు గ్లాసులు తీసింది. ఒకదాంట్లో నీళ్ళు పోసింది. రెండోదాంట్లో దీపంలో పోసే కిరసనాయిలు పోసింది. ఆయన భుజం మీది తువ్వాలు లాగి కళ్ళకి గంతలు కట్టింది. ఆయన కాదనలేదు, చిన్నపిల్లాడిలా తల ముందుకి పెట్టాడు.

“ఇది?”

పీల్చాడు. “నీళ్ళు.”

“ఇది?”

మళ్ళీ పీల్చాడు. గుండెల నిండా పీల్చాడు. “ఇదీ నీళ్ళేనా?”

భార్య తువ్వాలు ముడి విప్పి, రెండో గ్లాసుని ఆయన కళ్ళముందు పెట్టింది.

“ఎన్నాళ్ళయింది?”

“చలికాలం జ్వరం వచ్చిందే, అప్పట్నుంచి. మొదట్లో దూరంగా వచ్చేది, పక్కింట్లోంచి వస్తున్నట్టు. తర్వాత ట్యాంకు దగ్గరికి వెళ్తే వచ్చేది. బాగానే ఉందిలే అనుకున్నాను. ఇప్పుడర్థమవుతోంది. ట్యాంకుని చూసి గుర్తొచ్చేది, అంతే. ముక్కుకి ఏం వచ్చేది కాదు.”

“ఎవరికైనా చెప్పాలిగా?”

“ఏమని చెప్పను? ముక్కు మేస్త్రికి ముక్కు పోయిందనా? ఉత్త మేస్త్రిని చేసి కూచోబెడతారు.” నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. జేబులోంచి బోల్టు తీసి ఆమె చేతిలో పెట్టి, ఓనరు అన్నదంతా చెప్పాడు. బోల్టు సంగతి చెబితే ముక్కు సంగతి బయటపడుతుంది. ముక్కు సంగతి దాస్తే పొడుగోడు దోషి అవుతాడు.

ఆమె కిరసనాయిలు తిరిగి సీసాలో పోసింది. చుక్క కింద పడకుండా, నిదానంగా. గ్లాసుని సబ్బుతో రెండుసార్లు కడిగింది. మాడిన గిన్నెలో బూడిద వేసి రుద్దుతూ, ఆయన వైపు తిరగకుండానే అంది:

“ముక్కు పోతే పోయింది. నోరుందిగా?”

*

సోమవారం పొద్దున్నే ఇంకో ట్యాంకు బల్ల ఎక్కింది. పాత సామాన్ల కొట్టులో దొరికిన అదే రకం ట్యాంకు. దానికి ఊపిరి గొట్టం విరిగిపోయి ఉంది, కొత్తది అతకాలి. పొడుగోడి స్థానంలో వచ్చిన కొత్త వెల్డరు గంటన్నర నుంచి ఆవిరి పట్టిస్తున్నాడు. మన పద్ధతి ఎంత జాగ్రత్తగా ఉంటుందో తనిఖీవాళ్ళ కళ్ళముందే చూపిద్దామని ఓనరు ఏర్పాటు. పేలిన ట్యాంకుని పక్కన గోనెగుడ్డ కప్పి పెట్టారు.

వచ్చింది ఒక్కావిడే. యాభై ఏళ్ళుంటాయి. చేతిలో ఫైలు, కాళ్ళకి బురద చెప్పులు. కుర్చీ వేస్తే కూర్చోకుండా షెడ్డంతా తిరిగింది. నేల మీద శుభ్రంగా ఉన్న చోట ఆగి, ఇటూ అటూ చూసి, ఏదో రాసుకుంది.

“మాట చెప్పకుండా వెలిగించాడు మేడమ్” అన్నాడు ఓనరు. “మంచి పనివాడే. తొందర. మా దగ్గర మేస్త్రి మాట లేకుండా అగ్గిపుల్ల కూడా గీయరు. ఇప్పుడు మీరే చూస్తారు.”

“మాటంటే?”

కొత్త వెల్డరు హుషారు మనిషి. చెమట తుడుచుకుంటూ అందుకున్నాడు. “మా పాత షెడ్డులో మీటరు ఉండేది మేడమ్. నెలకోసారి చెడిపోయేది. ఇక్కడ మేస్త్రిగారి ముక్కే మీటరు. బ్యాటరీ కూడా అక్కర్లేదు.”

ఆవిడ నవ్వలేదు. వెల్డరు గొంతు సవరించుకుని ఆవిరి గొట్టం తీసేశాడు. ఎడం చేత్తో టార్చి, కుడి చేత్తో లైటరు పట్టుకుని పక్కకి జరిగాడు.

“చూడండి మేస్త్రీ. చచ్చిందా?”

మేస్త్రి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. ట్యాంకు మూతి మీదికి వంగాడు. అలవాటుగా కళ్ళు మూసుకున్నాడు. తడి రేకు ముక్కుకి వెచ్చగా తగిలింది. పీల్చాడు. లోపల చీకటి, వేడి. అంతే. ఏ వాసనా లేదు. పెట్రోలు కాదు, సబ్బు కాదు, తుప్పు కాదు. డిక్కీలో సీట్ల అక్క కత్తెర చప్పుడు ఆగిపోయింది.

బతికుంది అంటే సరిపోతుంది. ఆ ఆలోచన చాలా మామూలుగా వచ్చింది. వచ్చిన ప్రతి ట్యాంకునీ మొదట రెండుసార్లు బతికుంది అంటే ఎవడూ చావడు. మళ్ళీ ఆవిరి పడతారు. ముక్కుకి ముక్కు, పేరుకి పేరు, అన్నీ ఉంటాయి. ఆ ఫైల్లో మాత్రం పొడుగోడు తొందరపడ్డవాడిగా ఉండిపోతాడు.

కళ్ళు తెరిచాడు. వెల్డరు ఆయన మొహంలోకే చూస్తున్నాడు. అతను తనని ఎరిగి రెండు రోజులు కూడా కాలేదు. అయినా ఆ చూపులో అనుమానం ఇసుమంత లేదు.

“నాకు తెలీదు” అన్నాడు మేస్త్రి.

“అంటే?” అన్నాడు ఓనరు.

“బతికుందో చచ్చిందో నాకు తెలీదు సార్. చలికాలం నుంచి తెలీదు. నాకు వాసన పోయింది.” వెల్డరు వైపు తిరిగాడు. “ఆ లైటరు అటు దూరంగా పెట్టు బాబూ.”

వెల్డరు లైటరుని, టార్చిని రెండింటినీ తీసుకెళ్ళి గోడ దగ్గర పెట్టి, అక్కడే నిలబడిపోయాడు.

“గురువారం చచ్చిందని చెప్పింది నేనే మేడమ్. వాడు నీళ్ళు పోస్తానన్నాడు. అక్కర్లేదు కానీయమన్నదీ నేనే.”

“ఆయన మనసు బాలేదు మేడమ్.” ఓనరు ముందుకొచ్చాడు. “వాడు ఈయనకి కొడుకు లెక్క. వాణ్ణి కాపాడాలని…”

“నేను విన్నాను.”

సీట్ల అక్క డిక్కీలోంచి దిగింది. ఒళ్ళో గుడ్డముక్కలు కింద రాలాయి. “డిక్కీలో ఉంటే చెవులు పనిచెయ్యవా? మేస్త్రి చచ్చింది అన్నాడు. పొడుగోడు నీళ్ళంటే, ఎందుకని సారే అన్నారు. ఫోనేం లేదు అప్పుడు.” అని, నాలుగు రోజులు నోరు మూసుకున్నందుకు తన మీద తనకే కోపం వచ్చినట్టు, కత్తెరని బల్ల మీద గట్టిగా పెట్టింది.

మేస్త్రి జేబులోంచి బోల్టు తీసి ఫైలు మీద పెట్టాడు. గోనెగుడ్డ తొలగించి, పేలిన ట్యాంకులో ఊపిరి గొట్టం ఎక్కణ్ణించి ఎక్కడికి పోతుందో వేలితో చూపించాడు. “ఇది దీని కొసన ఉంది. దీనివల్ల ఆవిరి ఈ గొట్టంలోకి పోలేదు. ఇందులో పెట్రోలు ఇందులోనే ఉండిపోయి టార్చి వేడికి బయటికొచ్చింది. ముక్కున్నవాడైతే బోల్టు ఉన్నా పట్టేసేవాడు. నాకు లేదు. రెండూ రాసుకోండి.”

“బోల్టు ఎవరు వేశారు?”

బయట రోడ్డు మీద బస్సు ఏదో చాలాసేపు హారను కొట్టి వెళ్ళిపోయింది. ఆవిడ కలం ఎత్తి పట్టుకుని, అదే ప్రశ్న అదే గొంతుతో మళ్ళీ అడిగింది.

“కస్టమరు వాసనొస్తోందంటే…” అన్నాడు ఓనరు.

ఆవిడ రాసుకుంది. అన్నీ రాసుకున్నాక మేస్త్రి వైపు చూసింది. “తెలిసి దాచారంటే మీ మీద కూడా కేసు అవుతుంది. తెలుసా?”

“తెలుసు మేడమ్.”

పేలిన ట్యాంకుకి, బోల్టుకి చీటీలు కట్టి ఆవిడ వెళ్ళిపోయింది. పనివాళ్ళెవరూ మేస్త్రి వైపు రాలేదు. ఒకడు వెళ్తూ వెళ్తూ “పదకొండు మందిమి” అని గోడతో అన్నట్టు అన్నాడు. ఓనరు అద్దాల గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“రేపట్నుంచి రావద్దు మేస్త్రీ.”

“సరే సార్. ఇది నిండేదాకా ఉంటాను.”

నీళ్ళ గొట్టం లాక్కొచ్చి బల్ల మీది ట్యాంకు మూతిలో పెట్టాడు. నీరు లోపల రేకు మీద పడి డబడబలాడింది, తర్వాత చప్పుడు లోతైంది. విరిగిన ఊపిరి గొట్టం మొదలు దగ్గర చూపుడువేలు తడిపి పెట్టాడు. నీరు పైకి వస్తున్నకొద్దీ లోపలి గాలి సన్నగా వేలికి తగులుతోంది. వేలు తీసి, మళ్ళీ తడిపి, మళ్ళీ పెట్టాడు. కొత్త వెల్డరు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఇప్పుడతనికి హుషారు లేదు.

“నువ్వూ పెట్టి చూడు. తగులుతోందా?”

“తగులుతోంది.”

“అలా తగిలితే గొట్టం తెరిచి ఉన్నట్టు. మాటు వేసే చోట బెత్తెడు వదిలి మిగతాదంతా నీళ్ళే ఉండాలి. మీటరు తెప్పించమను. తెచ్చేదాకా నిప్పు ముట్టకు, ఎవరు చెప్పినా సరే. అతికాక ఈ గొట్టాన్ని పెట్రోలు పోసే మూతికంటే పైకి లేపి, అక్కడ ఒక వంపు తిప్పి, డిక్కీ అడుగునుంచి కిందికి దించు. సైలెన్సరుకి ఎంత దూరముంటే అంత మంచిది. డిక్కీలో మాత్రం వదలకు. వాసనొస్తోందని ఎవడైనా మూయమన్నాడనుకో…”

“మూయను మేస్త్రీ.”

నీరు బెత్తెడు దూరానికి వచ్చింది. మేస్త్రి కుళాయి కట్టేసి, గొట్టం చుట్ట చుట్టి మేకుకి తగిలించాడు. ఆ మేకు చాలా ఎత్తులో ఉంది, మునివేళ్ళ మీద లేచి అందుకోవాల్సి వచ్చింది. పొడుగోడు తన ఎత్తుకి కొట్టుకున్న మేకు అది.

*

ఆసుపత్రిలో ఆ గది పొడుగ్గా, రెండు వరసల మంచాలతో ఉంది. లోపలికి వస్తున్న మనుషులు గుమ్మంలోనే కొంగులు, రుమాళ్ళు ముక్కులకి అడ్డం పెట్టుకుంటున్నారు. మేస్త్రి ఊరికే నడిచి వెళ్ళాడు.

పొడుగోడి కాళ్ళు మంచం చివర దాటి బయటికి ఉన్నాయి. రెండు చేతులూ కట్లతో, దిండ్ల మీద ఎత్తి పెట్టారు. వేళ్ళున్న చోట వేళ్ళు కనిపించడం లేదు, గుడ్డ ఉండలు కనిపిస్తున్నాయి. మొహంలో కుడి కన్ను, పెదవులు మాత్రం బయటికి ఉన్నాయి. కన్ను మూసుకుని ఉంది. అతని భార్య స్టూలు మీంచి లేచి మేస్త్రిని కూర్చోమంది. ఆయన కూర్చోలేదు.

“మధ్యాహ్నం పెద్ద డాక్టరు చూశాడు మావయ్యా. కుడిచేతికి రెండు వేళ్ళు తీసెయ్యాలట.”

మేస్త్రి మంచం చువ్వ పట్టుకున్నాడు. “అమ్మా, చచ్చిందని చెప్పింది నేను. నాకు వాసన తెలీదు, చలికాలం నుంచి. వాడి తప్పేం లేదు. ఇవాళ అందరి ముందూ చెప్పేశాను. ముందే చెప్పాల్సింది.”

ఆమె దుప్పటి అంచు సర్దింది. సర్దిన చోటే మళ్ళీ సర్దింది.

“ఆయనకి తెలుసు మావయ్యా.”

“ఏంటి?”

“మీకు వాసన పోయిందని. చలికాలంలోనే కనిపెట్టాడు. మీ పక్కనే థిన్నరు డబ్బా ఒలికితే మీరు తల కూడా తిప్పలేదట. ‘బాబాయ్‌కి తెలిస్తే తట్టుకోలేడు, ఎవరికీ చెప్పకు’ అన్నాడు. నేను నమ్మలేదు. మొన్న చొక్కా చూపించానే, అది ఉతికిందే. బుధవారం ఉతికి, గురువారం పొద్దున మేకుకి తగిలించుకోమని ఇచ్చింది. కంపేం లేదు దానికి.” ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది మేస్త్రికి. “అందుకే నీళ్ళు పోసుకునేవాడు. మీరు మాట చెప్పాక మీ మాట తీసెయ్యకుండా, నీళ్ళు పోసుకుంటే ఇద్దరికీ సరిపోతుందన్నాడు. అందరూ స్నానాలని నవ్వుతున్నా నవ్వనిచ్చాడు.”

మేస్త్రి ఇప్పుడు స్టూలు మీద కూర్చున్నాడు. గురువారం నీళ్ళ గొట్టం చేతిలో పట్టుకుని అతను చూసిన చూపు మళ్ళీ ఎదురుగా వచ్చింది. ఏం అడుగుతోందో ఇన్నాళ్ళకి తెలిసింది.

పొడుగోడి పెదవులు కదిలాయి.

“మళ్ళీ నీళ్ళంటున్నాడు” అంటూ ఆమె గ్లాసు అందుకుంది. “ఇస్తే తాగడు. నాలుగు రోజులుగా ఇంతే.”

కుడి కన్ను తెరుచుకుంది. అది గ్లాసు వైపు చూడలేదు. వెతుక్కుని వెతుక్కుని మేస్త్రి మొహం మీద ఆగింది.

“నీళ్ళు…” అన్నాడు. తర్వాతి మాటకి చాలాసేపు పట్టింది. “పోశావా, బాబాయ్?”

మేస్త్రి అతని మీదికి వంగాడు. ట్యాంకు మూతి మీదికి వంగినట్టే వంగాడు, కళ్ళు మాత్రం మూసుకోలేదు.

“పోశానురా. బెత్తెడు వదిలి, నిండా పోశాను. ఎవరూ వెలిగించలేదు.”

ఆ కన్ను కాసేపు ఆయన్నే చూసి మూసుకుంది. ఆమె గ్లాసుని పెదవులకి ఆనించింది. ఈసారి తాగాడు. సగం మెడ మీదికి కారిపోయింది. మేస్త్రి భుజం మీది తువ్వాలు తీసి, కట్టు తడవకుండా, కొంచెం కొంచెంగా అద్దుతూ కూర్చున్నాడు.